మీ టీమేది?

2021 డిసెంబర్ రెండో వారం సంగతి ఇది. అప్పుడు మా ప్రాజెక్టు టీము సగం హైదరాబాద్‌లో, సగం మెక్సికోలోని గ్వాదలహారాలో ఉండేది. అమెరికా క్లయింట్లకి టైమ్ జోన్ కలిసొస్తుందని మన కంపెనీలు చాలానే ఆ ఊళ్ళో ఆఫీసులు తెరిచాయి, మీలో కొందరు వెళ్ళొచ్చే ఉంటారు. మనకి చీకటి పడే వేళకి వాళ్ళకి తెల్లారుతుంది. హ్యాండోవర్ కాల్‌లో ఐదు నిమిషాలు పని, పదిహేను నిమిషాలు సొల్లు.

అక్కడ నాకు జోడీగా ఉన్నాయన అట్లాస్ అనే ఫుట్‌బాల్ క్లబ్బు అభిమాని. గ్వాదలహారాలో రెండు పెద్ద క్లబ్బులున్నాయి. చీవాస్‌కి జనం ఉన్నారు, కప్పులున్నాయి. అట్లాస్‌కి ఏడుపొకటే ఉంది (ఇది నా మాట కాదు, ఆయన మాటే). ఆ క్లబ్బు లీగు గెలిచింది ఒకే ఒక్కసారి, 1951లో. ఆ తర్వాత డెబ్బై ఏళ్ళు మళ్ళీ లేదు. ఆయన తాత చూశాడు, తండ్రి చూడలేదు, తను చూడలేదు. ఆ డిసెంబర్లో అట్లాస్ ఫైనల్‌కి వచ్చింది, లియోన్ అనే జట్టు మీద.

మెక్సికో లీగు తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. అక్కడ 18 జట్లు. ఏడాదికి ఒక ఛాంపియన్ కాదు, ఇద్దరు. జులై నుంచి డిసెంబర్ దాకా ఒక టోర్నీ, జనవరి నుంచి మే దాకా ఇంకో టోర్నీ. 1996 నుంచీ ఇదే పద్ధతి. ఒక్కో టోర్నీలో అందరితోనూ ఒక్కోసారి, అంటే పదిహేడు ఆటలు ఆడాక, పైన నిలిచిన జట్లు నాకౌట్‌కి వెళ్తాయి. అక్కడ ప్రతి పోటీ రెండు ఆటలు, ఒకటి వాళ్ళూళ్ళో, ఒకటి వీళ్ళూళ్ళో. దీనికి తోడు తొలూకాలాంటి ఊళ్ళు సముద్రమట్టానికి 2,600 మీటర్ల పైన ఉంటాయి. కింద ఊళ్ళనుంచి వచ్చిన జట్టుకి అరగంట ఆడేసరికి ఆయాసం. లెక్కలేసేవాడికి ఇది నరకం. పదిహేడు ఆటల డేటాతో ఎవడి బలం ఎంతని తేల్చాలి?

అయినా మనం ఇంజనీర్లం కదా, ఊరుకుంటామా. మొదటి ఆట లియోన్ తన ఊళ్ళో 3-2తో గెలిచింది. రెండో ఆటకి ముందు మా వాడు "నువ్వు డేటా మనిషివి కదా, చెప్పు, ఏమవుతుంది?" అన్నాడు. నేను శనివారం కూర్చుని ఓ చిన్న ప్రోగ్రాం రాశాను.

దాని వెనక ఉన్న లెక్క పాతదే. పాయిజాన్ అనే ఫ్రెంచి గణితవేత్త 1837లో చెప్పిన సూత్రం. అరుదుగా, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా జరిగే సంఘటనలు ఎన్నిసార్లు జరుగుతాయో లెక్కేసేది. 1898లో ఒకాయన ప్రష్యా సైన్యంలో గుర్రాలు తన్ని చనిపోయిన సైనికుల లెక్కకి దీన్ని వాడితే అచ్చంగా సరిపోయింది. గోలు కూడా గుర్రం తన్నులాంటిదే అనుకోండి :) తొంభై నిమిషాల్లో ఒకటో రెండో పడతాయి, ఎప్పుడు పడతాయో తెలీదు. 1982లో మేహర్ అనే ఆయన ఒక్కో జట్టుకి దాడి బలం, కాపుదల బలం అని రెండు అంకెలిచ్చి ఫలితాలు అంచనా కట్టాడు. 1997లో డిక్సన్, కోల్స్ అని ఇద్దరు దానికి మెరుగులు దిద్దారు. ఈరోజుకీ చాలా ప్రిడిక్షన్ సైట్ల లోపల తిరిగేది ఈ ఇంజనే, పైన రంగులు మారుతుంటాయి.

నా ప్రోగ్రాం ప్రకారం సొంతూళ్ళో అట్లాస్ సగటున ఒకటిన్నర గోలు కొట్టాలి, లియోన్ ఒకటి. అలా అయితే అట్లాస్ ఆ ఆట గెలవడానికి 49 శాతం, డ్రా 26, ఓడడానికి 25. కానీ గెలిస్తే చాలదు, మొదటి ఆటలో ఒక గోలు వెనకబడి ఉంది కదా. రెండు గోళ్ళ తేడాతో గెలవాలి, లేదా ఒక గోలు తేడాతో గెలిచి ఎక్స్‌ట్రా టైములోనో పెనాల్టీల్లోనో గట్టెక్కాలి. అన్నీ కూడితే లియోన్ 63, అట్లాస్ 37. మా వాడికి పంపాను. వాడు ఒక్క అంకె కూడా చూడలేదు. "డెబ్బై ఏళ్ళ నుంచీ ప్రతివాడూ మాకు ఇదే చెప్తున్నాడు" అన్నాడు. పందెం కాశాం. ఓడినవాడు గెలిచినవాడి జట్టు జెర్సీ వేసుకుని వారం రోజులు కాల్స్‌కి రావాలి.

డిసెంబర్ 12 రాత్రి, మనకి సోమవారం పొద్దున, అట్లాస్ 1-0తో గెలిచింది. మొత్తం 3-3. ఎక్స్‌ట్రా టైములో ఏమీ తేలలేదు. పెనాల్టీల్లో 4-3, కప్పు అట్లాస్‌ది. మా వాడు వీడియో ఆన్ చేసి ఏడుస్తూ కూర్చున్నాడు. ఆ రోజు హ్యాండోవర్ జరగలేదు. (37 శాతం అంటే మూడింట ఒకటికంటే ఎక్కువ, కాబట్టి నా లెక్క తప్పనడానికి లేదు అని నేను ఇప్పటికీ వాదిస్తాను. జెర్సీ మాత్రం వేసుకున్నాను.)

తర్వాత వారం, కాస్త తేరుకున్నాక, వాడు అడిగాడు. "మరి మీ టీమేది?"

క్రికెట్ గురించి చెప్పబోయాను. "కాదు, ఫుట్‌బాల్" అన్నాడు. బార్సిలోనా అన్నాను. వాడు నవ్వాడు. "అది బార్సిలోనా వాళ్ళ టీము. మీ ఊరిది?"

నేను కరీంనగర్‌లో పెరిగాను. సర్కస్ గ్రౌండ్‌లో, అంబేద్కర్ స్టేడియంలో క్రికెట్టే ఆడాం. అమ్మ వాళ్ళది బెల్లంపల్లి, అప్పటి ఆదిలాబాద్ జిల్లా, 2016లో జిల్లాలు విడగొట్టాక మంచిర్యాలలోకి వచ్చింది. ఎండాకాలం సెలవులన్నీ అక్కడే. అక్కడ మా మేనమామ ఒకాయన సింగరేణిలో పనిచేసి రిటైరయ్యాడు. చిన్నప్పుడు మేం టీవీలో క్రికెట్ చూస్తుంటే వెనక నించుని "గిదేం ఆటరా, పొద్దంత నిలవడుడు" అనేవాడు. మాటిమాటికీ "హైదరాబాద్ పోలీస్, హైదరాబాద్ పోలీస్" అని ఏదో చెప్పబోయేవాడు. మేం వినేవాళ్ళం కాదు. పోలీసులు ఫుట్‌బాల్ ఆడితే మాకేంటి?

ఆ రాత్రి మామకి ఫోన్ చేశాను. అడగ్గానే "ఏందిరా అల్లుడు, గిప్పుడు యాదికొచ్చిందా?" అన్నాడు. ఆపైన గంటసేపు వదల్లేదు.

మామ చెప్పినవి, తర్వాత నేను చదివి సరిచూసుకున్నవి కలిపి ఇక్కడ రాస్తున్నాను. చరిత్ర పుస్తకంలోలాగా కాకుండా, మా గ్వాదలహారా మిత్రుడు అడిగినట్టే రాస్తాను. ఆటకి ముందు రోజు ఎవరైనా మనల్ని జోస్యం అడిగి ఉంటే ఏం చెప్పేవాళ్ళం?

1950. డ్యూరాండ్ కప్పు. 1888లో బ్రిటిష్ సైన్యం కోసం మొదలైన ఈ టోర్నీని స్వతంత్రం వచ్చాక మళ్ళీ మొదలుపెట్టింది ఆ ఏడే, ఢిల్లీలో. ఫైనల్‌కి వచ్చింది మోహన్ బగాన్. 1911లో బ్రిటిష్ పటాలాన్ని బోడికాళ్ళతో ఓడించి షీల్డు గెలిచిన క్లబ్బు. అవతల హైదరాబాద్ సిటీ పోలీస్. రెండేళ్ళ కింద, 1948 సెప్టెంబర్‌లో సైనిక చర్యతో భారతదేశంలో కలిసిన రాజ్యం నుంచి వచ్చిన కానిస్టేబుళ్ళ జట్టు. డేటా ఏముంది? దాదాపు ఏమీ లేదు. నా ప్రోగ్రామైతే కళ్ళు మూసుకుని మోహన్ బగాన్ అనేది. మొదటి ఆట డ్రా. మళ్ళీ ఆడించారు. హైదరాబాద్ 1-0.

ఒక మాట పక్కకి వెళ్ళి చెప్పుకోవాలి. ఆ 1950లో కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో పోలీసు అన్న మాటకి అర్థం వేరు. సాయుధ పోరాటం ఇంకా నడుస్తోంది, 1951 అక్టోబర్లో గానీ విరమించలేదు. ఊళ్ళలో క్యాంపులు. పోలీసు జీపు కనబడితే మగవాళ్ళు చేలల్లోకి పరిగెత్తే రోజులు. సరిగ్గా అదే సమయంలో అదే యూనిఫాం వాళ్ళు బొంబాయిలో ఫుట్‌బాల్ ఆడి జనం చేత చప్పట్లు కొట్టించుకున్నారు. మా తాతకి ఆ రెండో పోలీసు తెలీదు. మామకి ఆ మొదటి పోలీసు గురించి విన్నదే గానీ చూసింది తక్కువ. ఒకే ఇంట్లో ఒక తరం తేడాతో మాట అర్థం మారిపోయింది.

బొంబాయి అన్నాను కదా, అక్కడి రోవర్స్ కప్పుని హైదరాబాద్ పోలీసులు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు గెలిచారు. ఐదేళ్ళు వరసగా అంటే, ఒక్కో ఏడు గెలవడానికి సగానికి సగం అవకాశం ఉన్నంత గొప్ప జట్టనుకున్నా, 32లో ఒకటి. మొదటి ఏడు అది అదృష్టం, రెండో ఏడు ఫామ్, మూడో ఏడు నుంచి అక్కడెవడో ఒక మనిషి ఉన్నాడని అర్థం చేసుకోవాలి.

ఆ మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో పుట్టాడు. బడిపంతులు. అందుకే అందరూ రహీం సాబ్ అనేవాళ్ళు. 1950 నుంచి చనిపోయేదాకా పోలీసు జట్టుకి కోచ్, అదే కాలంలో భారత జట్టుకీ కోచ్. ఆయన పద్ధతులు వింటే మన రంగం వాళ్ళకి నచ్చుతుంది. బంతిని కాలి దగ్గర పెట్టుకుని ముగ్గుర్ని తప్పించడం ఆ రోజుల్లో గొప్ప. జనం దానికే ఈలలు వేసేవాళ్ళు. ఆయన దాన్ని మాన్పించాడు. డ్రిబ్లింగ్ చేయకూడదన్న నియమంతో కుర్రాళ్ళకి టోర్నీలు పెట్టాడు. బలహీనమైన కాలితోనే ఆడాలన్న నియమంతో ఇంకొన్ని. బంతి వచ్చిందా, ఒక్క తాకుడులో పక్కవాడికి ఇచ్చెయ్. ఒక్క హీరో మీద ఆధారపడని డిజైన్ అన్నమాట. మన టీముల్లో ఇప్పటికీ కుదరనిది.

ఇక 1952, హెల్సింకి ఒలింపిక్స్. భారత్, యుగోస్లావియా. కోచ్ రహీమే. మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఓడింది 1-10 తేడాతో. ఇక్కడ ఆగి, నాలుగేళ్ళు ముందుకెళ్ళి, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌కి ముందు మనల్ని జోస్యం అడిగారనుకోండి. చేతిలో ఉన్న చివరి ఒలింపిక్ డేటా 1-10. ఏ మోడల్ అయినా ఏమంటుంది? మొదటి ఆటకే ఇంటికి అంటుంది.

మొదటి ప్రత్యర్థి హంగరీ రాలేదు, వాకోవర్. రెండోది ఆతిథ్య దేశం ఆస్ట్రేలియా. 4-2తో గెలిచాం. బొంబాయి కుర్రాడు నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు కొట్టాడు. సెమీఫైనల్లో మళ్ళీ అదే యుగోస్లావియా. మొదటి గోలు మనది! ఆ తర్వాత 1-4తో ఓడిపోయాం, మూడో స్థానం ఆటలో బల్గేరియా మీద 0-3. నాలుగో స్థానం. ఒలింపిక్స్ సెమీస్‌కి వెళ్ళిన మొదటి ఆసియా దేశం మనదే. ఆ జట్టులో హైదరాబాదీలు ఎంతమందో చూడండి: నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, లతీఫ్, జుల్ఫికర్, సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ నుంచి తులసీదాస్ బలరాం, ఇక్కడే పెరిగిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్. ఒక ఊరు ఒలింపిక్ జట్టుని నింపేసింది.

1956-57, 1957-58 సంతోష్ ట్రోఫీ రెండేళ్ళూ హైదరాబాద్‌దే. డ్యూరాండ్ 1954, 1957లో సిటీ పోలీస్‌కి, 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో మళ్ళీ మోహన్ బగాన్ మీదే. ఈ 1961 ఆట ఫలితం మా మామకి రేడియో దగ్గర తెలిసిందట. పదిహేనేళ్ళ వాడు. "కలకత్తోళ్ళను ఢిల్లీల పట్టుకొని కొట్టిండ్రురా" అని అరవై ఏళ్ళ తర్వాత ఫోన్లో అరిచాడు.

1962 జకార్తా ఆసియా క్రీడలు. దీనికి జోస్యం చెప్పడం అన్నిటికంటే సులువు, అన్నిటికంటే తప్పు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మీద 0-2తో ఓడాం. తర్వాత థాయ్‌లాండ్‌ని 4-1, జపాన్‌ని 2-0, సెమీస్‌లో దక్షిణ వియత్నాంని 3-2తో దాటి ఫైనల్‌కి వస్తే ఎదురుగా మళ్ళీ కొరియా. ఆ క్రీడలకి ఇజ్రాయెల్‌నీ తైవాన్‌నీ రానివ్వలేదని మన ప్రతినిధి సోంధీ అభ్యంతరం చెప్పడంతో ఇండోనేసియాలో మనమీద మంట. స్టేడియం మొత్తం మనకి వ్యతిరేకం. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి కుట్లతో ఉన్నాడు. కోచ్ రహీంకి ఊపిరితిత్తుల క్యాన్సర్. ఏ ప్రోగ్రాంలో పెట్టినా కొరియా అనే వస్తుంది.

రహీం చేసిన పని ఏంటంటే, తలకి కుట్లున్న ఆ డిఫెండర్‌ని తీసుకెళ్ళి ముందువరసలో ఆడించాడు. 1962 సెప్టెంబర్ 4న భారత్ 2, కొరియా 1. ఒక గోలు పి.కె. బెనర్జీది, రెండోది ఆ కుట్ల తలకాయదే, జర్నైల్ సింగ్‌ది. ఆ తర్వాత ఇప్పటిదాకా భారత్‌కి ఆసియా క్రీడల ఫుట్‌బాల్ బంగారం లేదు. 1963 జూన్ 11న రహీం పోయాడు. ఈ కథంతా 2024లో మైదాన్ అని హిందీ సినిమాగా వచ్చింది. హైదరాబాద్ వాడి కథ మన తెలుగువాళ్ళు కాక బొంబాయి వాళ్ళు తీశారు, దాని గురించి ఇంకోసారి.

ఇంకొక్క ఆట చెప్పి ఆపుతాను, ఇది నాకు ఇష్టం. 1977 సెప్టెంబర్, కలకత్తా. పెలే ఉన్న న్యూయార్క్ కాస్మాస్ వచ్చి మోహన్ బగాన్‌తో ఆడింది. ఎన్ని గోళ్ళ తేడా అన్నదే ప్రశ్న. ఆట 2-2. మోహన్ బగాన్ రెండు గోళ్ళలో ఒకటి కొట్టిన మహమ్మద్ హబీబ్ హైదరాబాదీ. 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే చనిపోయాడు. ఎన్ని పేపర్లలో ఎంత వార్త వచ్చిందో మీకు గుర్తుందా?

గమనించారా, ఈ చివరి ఆటలో హైదరాబాద్ మనిషి ఉన్నాడు, హైదరాబాద్ జట్టు లేదు. అసలు చెప్పాల్సింది ఇదే. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నయీముద్దీన్, హబీబ్, హబీబ్ తమ్ముడు అక్బర్, అందరూ కలకత్తా బాట పట్టారు. 1970 ఆసియా క్రీడల్లో కంచు గెలిచిన భారత జట్టుకి కెప్టెన్ నయీముద్దీన్. రాష్ట్రం 1965-66 సంతోష్ ట్రోఫీ గెలిచింది, అదే ఆఖరు. ప్రతి ఆటకీ ముందు మన జోస్యం తప్పింది, సరే. కానీ ఈ పతనాన్ని మాత్రం ఏ ప్రోగ్రామూ లేకుండా ముందే చెప్పొచ్చు. ఎందుకో మామ మాటల్లో దొరికింది నాకు.

మామ కూడా ఆడేవాడట! ఇది మా అమ్మకి కూడా సరిగ్గా తెలీదు. కాలనీ గ్రౌండ్‌లో, షిఫ్టు దిగొచ్చిన వాళ్ళతో. ఒకసారి రైలెక్కి వెళ్ళి ఫతే మైదాన్‌లో (ఇప్పటి ఎల్బీ స్టేడియం) పోలీసు జట్టు ఆట చూసొచ్చాడు. వాళ్ళ కాళ్ళు చూశాక తనూ వెళ్ళి ఆ జట్టులో చేరదామని అనుకున్నాడు. పద్దెనిమిదేళ్ళప్పుడు బయల్దేరడానికి బట్టలు కూడా సర్దుకున్నాడు. "ఎందుకు మామా, ఆటంటే అంత పిచ్చా?" అన్నాను. "ఆట గాదురా, నౌకరి. మంచిగాడితె పోలీసు నౌకరి ఇస్తుండె. నెలకు జీతం, ఉండనీకె క్వార్టరు. బాయిల దిగుడు తప్పుతదని" అన్నాడు. ఆ వారమే మా తాతకి జబ్బు చేసింది. మామ బాయిలో పనికి చేరాడు. ముప్పై ఎనిమిదేళ్ళు దిగాడు.

నేను రహీంని మేధావి అనుకుంటూ చదివాను, అది నిజమే. కానీ ఆ యంత్రం నడిచిన ఇంధనం ఉద్యోగం. పేదింటి పిల్లవాడికి ఫుట్‌బాల్ అంటే కానిస్టేబుల్ నౌకరీ. బడిలో ఆడితే పంతులు చూస్తాడు, పంతులు చూస్తే పోలీసు జట్టు, అక్కడినుంచి ఒలింపిక్స్. మెట్లు కనబడేవి. కలకత్తా క్లబ్బులు ఎక్కువ డబ్బు చూపించాక పై మెట్టు కలకత్తాకి జరిగింది, కింది మెట్లు ఇక్కడ పుచ్చిపోయాయి.

ఇంకో లోపం మొదట్నుంచీ ఉంది. ఆ పైన రాసిన పేర్లు మళ్ళీ చూడండి. హైదరాబాద్, సికింద్రాబాద్, కంటోన్మెంటు. కరీంనగర్ లేదు, ఆదిలాబాద్ లేదు. మెట్లు మొదలయ్యేది నగరంలోనే. బెల్లంపల్లి కుర్రాడు రైలెక్కి వెళ్ళి తనంతట తను తలుపు తట్టాలి.

ఇది మామూలు విషయం కాదు, ఎందుకంటే ప్రపంచంలో ఎక్కడ గనులున్నాయో అక్కడ ఫుట్‌బాల్ మొలిచింది. జర్మనీలో షాల్కే జట్టుని ఇప్పటికీ గనివాళ్ళు అనే పిలుస్తారు. మెక్సికోకి ఫుట్‌బాల్ తెచ్చిందే గనివాళ్ళు. ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి పచూకా వెండి గనుల్లో పనికెళ్ళినవాళ్ళు, పందొమ్మిదో శతాబ్దం చివర్లో, షిఫ్టు అయ్యాక బంతి తన్నడం మొదలెట్టారు. ఆ పచూకా క్లబ్బు ఈరోజుకీ ఉంది. అన్నం డబ్బాలో వాళ్ళు తీసుకెళ్ళే కూరిన రొట్టె కూడా ఆ ఊళ్ళో మిరపకాయలతో సహా స్థిరపడిపోయిందట. మా గ్వాదలహారా మిత్రుడు చెప్పాడు, రుచి బాగుంటుందని.

మరి మనకి? 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టిందీ, 1886లో తవ్వే కంపెనీ పెట్టిందీ ఇంగ్లీషు వాళ్ళే. 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది. ఆ తర్వాత బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని, బొగ్గు ఊళ్ళు వరసగా లేచాయి. వేలమంది కుర్ర కార్మికులు, చదునైన గ్రౌండ్లు, షిఫ్టుల మధ్య ఖాళీ సాయంత్రాలు. 1930లో ఎవరైనా నన్ను జోస్యం అడిగి ఉంటే, ఈ నేల నుంచి దేశానికి సెంటర్ ఫార్వర్డులు వస్తారని పందెం కాసేవాణ్ణి. అట్లాస్ మీద ఓడినట్టే దీనిమీదా ఓడేవాణ్ణి. బాయి నౌకరీ చేతిలో ఉండగా ఆట నౌకరీ కోసం హైదరాబాద్ దాకా ఎవడు పోతాడు? పోవాలనుకున్నవాడి బట్టల మూట ఎలా విప్పుకుందో పైన చెప్పాను. 1983 తర్వాత టీవీలో క్రికెట్ వచ్చింది, మిగతా ముచ్చట మీకు తెలుసు.

మళ్ళీ 2022కి వస్తాను. అట్లాస్ గెలిచిన మూడు నెలలకి, మార్చి 20న, హైదరాబాద్ ఎఫ్‌సీ అనే జట్టు ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్‌కి వచ్చింది. 2019లో పుట్టిన జట్టు. ఎదురు కేరళ బ్లాస్టర్స్. ఈసారి మా వాడే నాకు పంపాడు లింకు: "ఇదిగో నీ టీము!" నేను ప్రోగ్రాం తీయలేదు. మామకి ఫోన్లో ఆట ఎలా చూడాలో చెప్పి ఇద్దరం చెరో ఊళ్ళో కూర్చున్నాం. కేరళ ముందు కొట్టింది. ఇంకో రెండు నిమిషాల్లో అయిపోతుందనగా సాహిల్ తవోరా దూరం నుంచి తన్ని సమం చేశాడు. పెనాల్టీల్లో 3-1. గోల్‌కీపర్ కట్టిమణి గోడలా నిలబడ్డాడు. 1951లో గెలిచిన అట్లాస్, 1950లో గెలవడం మొదలుపెట్టిన హైదరాబాద్, డెబ్బై చిల్లర ఏళ్ళ తర్వాత మూడు నెలల తేడాతో, ఇద్దరూ పెనాల్టీలతోనే. నేను సోఫా మీద గెంతుతున్నాను.

మామ మాత్రం గెంతలేదు. "మన పోరగాండ్లెవరన్న ఉన్నరారా?" అన్నాడు. చూశాను. తవోరా గోవా వాడు. కట్టిమణీ గోవా వాడే. కరోనా వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే ఆడారు, హైదరాబాద్ ఎఫ్‌సీ ఆ ఏడు హైదరాబాద్‌లో ఒక్క ఆట కూడా ఆడలేదు. చెప్పాను. కాసేపు ఆగి ఇంకోటడిగాడు.

"గా టీముల ఆడితె నౌకరిస్తరా?"

"లేదు మామా. కాంట్రాక్టు ఉంటది. ఏడాదో, రెండేండ్లో."

"అయితె ఉండది తియ్."

నాకు కోపమొచ్చింది. అప్పుడే కప్పు గెలిచిన జట్టు, దేశంలో కెల్లా బాగా ఆడుతున్న జట్టు, అంకెలన్నీ పచ్చగా ఉన్నాయి. మరుసటి ఏడు లీగులో రెండో స్థానం కూడా వచ్చింది. మామ ముసలాడైపోయాడు, పాత రోజుల పిచ్చి అనుకున్నాను.

2023-24లో డబ్బు కష్టాలు మొదలయ్యాయి. ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఆ సీజన్లో ఒకే ఒక్క ఆట గెలిచి అట్టడుగున నిలిచింది. 2025లో ఆ జట్టుని ఢిల్లీకి మార్చేశారు, పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. 2024 డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ మన గచ్చిబౌలిలోనే జరిగింది, బెంగాల్ కేరళని 1-0తో ఓడించింది. మనం కుర్చీలు వేశాం.

2010లో పాల్ అనే ఆక్టోపస్ ప్రపంచ కప్పులో ఎనిమిదికి ఎనిమిది ఆటలు కరెక్టుగా చెప్పిందని గుర్తుందా? నాణెం ఎగరేసినా 256 మందిలో ఒకడికి అది కుదురుతుంది, అది చిలక జోస్యం లెక్కే. మామది అది కాదు. ఆయన ఒక్క ప్రశ్నే అడిగాడు, నా ప్రోగ్రాంలో ఆ కాలమే లేదు.

2025 చివర్లో ఊరెళ్ళాను. సాయంత్రం ఇద్దరం కాలనీ గ్రౌండ్ దాకా నడిచాం. ఒక మూల వాలీబాల్ నెట్ కట్టి ఉంది, మిగతా అంతా తుమ్మ చెట్లు, రెండు క్రికెట్ ఆటలు. జట్టు ఢిల్లీ పోయిందని చెప్పాను. మామ కర్ర నేలకి ఆనించి కాసేపు నిలబడ్డాడు.

"ఢిల్లీలనన్న నౌకరిస్తున్నరా?"